చెయ్యిచ్చాడా, చెయ్యందించాడా?

బెంగళూరులో ఒకే మెట్ల మీద తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినిపించే ఇళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి చోట ‘చెయ్యి’ తెచ్చినన్ని తికమకలు ఇంకో మాట తేదు. తమిళులు ‘అవర్ కై కొడుత్తార్’ అన్నారంటే ఆయన ఆదుకున్నాడని. దాన్ని మాటకు మాట తెలుగులోకి దింపి ‘ఆయన చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి ముంచాడని అర్థం. కన్నడ ‘కై కొట్ట’ మన దారిలోనే నడుస్తుంది. నడిరోడ్డు మీద బండి ఆగిపోతే వాళ్ళు ‘గాడి కై కొడ్తు’ అంటారు, మనం ‘బండి చెయ్యిచ్చింది’ అంటాం. ఆదుకున్న సంగతి తెలుగులో చెప్పాలంటే క్రియ మార్చాలి: చెయ్యందించాడు. లేదా నామవాచకాన్ని పెంచాలి: చేయూతనిచ్చాడు. ‘ఊత’ చేరగానే అదే ‘ఇవ్వడం’ మళ్ళీ మంచిదైపోతుంది.

ఈ మాటకు అర్థం పక్కన చేరిన క్రియను బట్టి, ఏకవచనమా బహువచనమా అన్నదాన్ని బట్టి, తగిలిన విభక్తిని బట్టి తేలుతుంది. ‘చెయ్యి’ని విడిగా నేర్పితే సరిపోదని, దాని వెంట వచ్చే క్రియతో జంటగా నేర్పాలని నేను గట్టిగా అంటాను. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే ఇక్కడి పిల్లలకైతే మరీను.

‘వేయడం’ ఒక్కటే తీసుకోండి. ‘ఈ బీరువా జరపాలి, ఓ చెయ్యి వెయ్యి’ అంటే సాయం పట్టమని. ‘భుజం మీద చెయ్యి వేశాడు’ అంటే చనువు, ఓదార్పు. ‘వాడి మీద చెయ్యి వేశాడు’ అంటే కొట్టాడు. ‘ఆమె మీద చెయ్యి వేశాడు’ అంటే మాట పోలీస్ స్టేషను దాకా వెళ్తుంది. చెయ్యీ మారలేదు, వేయడమూ మారలేదు. ‘మీద’కు ముందు భుజం ఉందా, మనిషి ఉన్నాడా, ఆ మనిషి ఎవరు అన్నదే తేడా.

‘పెట్టడం’ ఇంకో తోవ పట్టింది. ‘ప్రతిదాంట్లోనూ చెయ్యి పెడతాడు’ అంటే అక్కర్లేని జోక్యం. వంటింట్లో ‘ఆవిడ చెయ్యి పెడితే చాలు’ అంటే అంతకు మించిన మెప్పు లేదు. ‘ఇందులో వాడి చెయ్యుంది’ అంటే అనుమానం. పత్రికల వాళ్ళు ఈ చోట ‘హస్తం ఉంది’ అని రాస్తారు. ఆ వాక్యంలో హస్తం మంచి పనికి రాదు. గుడి కట్టించిన దాత గురించి ‘ఈ గుడి వెనక ఆయన హస్తం ఉంది’ అని రాస్తే చదివేవాళ్ళకు ముందు కుట్రే గుర్తొస్తుంది.

కొట్టడానికి ఇంకో మాట ‘చెయ్యి చేసుకోవడం’. ఇందులో ‘కొను’ (‘చేసుకో’లోని ‘కో’) తప్పనిసరి. కన్నడంలో ‘కై మాడిద’ అంటే చాలు, కొట్టాడని అర్థమవుతుంది. అందుకే కన్నడంలో ఆలోచించి తెలుగులో మాట్లాడే పిల్లలు ‘వాడు నా మీద చెయ్యి చేశాడు’ అనేస్తారు. తెలుగు చెవికి అది సగంలో తెగిన వాక్యం. ‘ఒందు కై నోడోణ’ అన్న కన్నడ మాట నుంచి వచ్చిన ‘ఓ చెయ్యి చూద్దాం’ కూడా ఇలాంటిదే. కన్నడంలో అది తలపడదామనే ఉత్సాహం, తమిళ ‘ఒరు కై పార్ప్పోం’ కూడా అంతే. తెలుగులో ‘చెయ్యి చూడటం’ అంటే వైద్యుడు నాడి చూడటం, లేదా జోస్యుడు రేఖలు చూడటం. ఆ ఉత్సాహానికి మనకున్న మాట ‘ఓ పట్టు పడదాం’.

వచనం మారితే ఏమవుతుందో చూడండి. ‘చెయ్యెత్తాడు’ అంటే కొట్టబోయాడు, లేదా సభలో మద్దతు తెలిపాడు. ‘చేతులెత్తేశాడు’ అంటే ఇక తన వల్ల కాదన్నాడు. ‘చెయ్యి కలిపాడు’ అంటే పలకరింపు. ‘చేతులు కలిపారు’ అంటే ఇద్దరూ ఒక్కటయ్యారు, చాలాసార్లు మూడోవాడికి వ్యతిరేకంగా. ‘చెయ్యి చాచాడు’ అంటే అడుక్కున్నాడు, ‘చేతులు చాచి పిలిచాడు’ అంటే ఆదరించాడు. రెండు చేతులూ కలిస్తే మనిషంతా అందులో ఉన్నట్టు, ఒక్క చెయ్యైతే ఆ ఒక్క పనే అన్నట్టు చాలా చోట్ల పనిచేస్తుంది. చాలా చోట్ల అన్నానే గానీ అన్నిచోట్లా కాదు. పరిస్థితి అదుపు తప్పితే ‘చెయ్యి దాటింది’ అని ఏకవచనమే వాడతాం, అవకాశం పోతే ‘చేజారింది’ అంటాం.

‘కాల్చుకోవడం’ దగ్గర వచనం కన్నా కాలం ముఖ్యం. ‘హాస్టలు తిండి పడక రూములో చెయ్యి కాల్చుకుంటున్నాడు’ అంటే తన వంట తనే చేసుకుంటున్నాడు. కోరమంగలలో, మారతహళ్ళిలో ఈ వాక్యానికి కొదవ లేదు. ‘హోటలు పెట్టి చేతులు కాల్చుకున్నాడు’ అంటే పెట్టుబడి పోయింది. జరుగుతున్న పనైతే వంట, జరిగిపోయిన పనైతే నష్టం. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ అన్న సామెతలోనూ పని జరిగిపోయింది చూడండి.

విభక్తులు వేగంగా చెప్పుకోవచ్చు. ‘నా చేతిలో లేదు’ అంటే అధికారం లేదని. ‘వాడి చేతిలో ఓడిపోయాడు’ అంటే ఓడించినవాడెవరో చెప్పడం. ‘జీతం చేతికెంత వస్తుంది?’ అంటే కోతలన్నీ పోగా మిగిలేదెంత అని. ‘చేతికందొచ్చిన కొడుకు’ అంటే సంపాదించే వయసుకొచ్చినవాడు. ‘ఆయన చేతుల మీదుగా’ అంటే సభలూ ఆవిష్కరణలూ. ‘చేతి కింద మనిషి’ అంటే సహాయకుడు.

ఇక్కడే ‘చేత’ సంగతి. తృతీయా విభక్తిలో చేతన్, చేన్, తోడన్, తోన్ అని బళ్ళో వల్లె వేయిస్తారు. అందులో మొదటి రెండూ ఈ చెయ్యే. ‘పిల్లలచేత చదివించింది’, ‘నాచేత కాదు’, ‘అందుచేత’ – వీటన్నిటిలో ఒకప్పటి చెయ్యి అరిగి ప్రత్యయమైంది. ‘చేతలు’ మాత్రం వేరు. అది ‘చేయు’ నుంచి వచ్చింది: కోయు–కోత, చేయు–చేత. ‘చేతులు’ అవయవాలు, ‘చేతలు’ పనులు. ఒక్క కొమ్ము తేడా. టైపు చేసేటప్పుడు ఎక్కువగా తప్పిపోయేది కూడా అదే.

చేసేది కాబట్టి చెయ్యి అయిందని చాలామంది చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ పక్కింటి భాషల్ని అడిగితే ఆ లెక్క కుదరదు. తమిళంలో చేతిని ‘కై’ అంటారు, చేయడాన్ని ‘చెయ్’ అంటారు. రెండింటికీ పోలికే లేదు. ద్రావిడ భాషల్లో ‘ఎ’, ‘ఇ’ల ముందు మొదట ఉన్న కకారం తెలుగులోనూ తమిళంలోనూ చాలా మాటల్లో చకారమైంది, కన్నడంలో కకారంగానే నిలిచింది. కన్నడ ‘కివి’ మన చెవి, ‘కెరె’ మన చెరువు, ‘కెడు’ మన చెడు. బెంగళూరులో కెరె పేరు లేని దిక్కు లేదు కాబట్టి ఈ సూత్రం ఇక్కడివాళ్ళకు తేలిగ్గా ఎక్కుతుంది. తమిళ ‘కై’లో మొదట ఉన్నది ‘అ’ ధ్వని, అందుకే దాని కకారం కదల్లేదు. తెలుగులో ఆ ‘అ’ కూడా ‘ఎ’ వైపు జరిగింది, దాంతో కకారం చకారమైంది. అలా రెండు వేర్వేరు మాటలు మన దగ్గర ఒకే రూపానికి వచ్చాయి. భాషావేత్తలు బర్రో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (మొదటి ముద్రణ 1961) కూడా వీటిని రెండు వేర్వేరు పదాలుగానే చూపిస్తుంది.

సంస్కృతంలో మాత్రం ఆ ముచ్చట నిజం. ‘కృ’ అంటే చేయడం, దాని నుంచి వచ్చిందే ‘కరం’. అంటే ‘చేసేది చెయ్యి’ అన్న వివరణ కరానికి సరిగ్గా సరిపోతుంది, చెయ్యికి సరిపోదు.

పాత ‘కై’ తెలుగును పూర్తిగా వదల్లేదు. కైవసం, కైకొను, కైదండ, కైమోడ్పు, ఆయుధాన్ని చెప్పే కైదువు, అలంకారాన్ని చెప్పే కైసేత – అన్నీ అదే. కావ్యాల్లో చేతికి ‘కేలు’ అని ఇంకో రూపం ఉంది. ఎర్రని చెయ్యి కెంగేలు, ఎడమది డాకేలు, కుడిది వలకేలు. ఇవేవీ వాడుకలో లేవు. కైవసం ఒక్కటే పత్రికల పుణ్యాన బతికింది.

వాడుకను మోస్తున్నది ‘చే’. చేనేత, చేబదులు, చేదోడు, చేయూత, చేవ్రాలు, చేపట్టు, చేజిక్కు, చేజేతులా. ఇందులో కొన్నిటిని పొరుగు భాషలతో పక్కపక్కన పెడితే ఎంత కలిసి నడిచామో తెలుస్తుంది. మన చేనేత కన్నడంలో కైమగ్గ, తమిళంలో కైత్తరి. వడ్డీ లేకుండా, కాగితం లేకుండా నాలుగు రోజులకు తీసుకునే డబ్బు మనకు చేబదులు, వాళ్ళకు కైగడ, కైమాత్తు. మందిస్తే నయమయ్యే వైద్యుడికి ఉండేది మనకు హస్తవాసి, కన్నడిగులకు కైగుణ, తమిళులకు కైరాసి. ‘హస్తవాసి’ని చూడండి, హస్తం సంస్కృతం, వాసి తెలుగు. రెండూ ఎంత బాగా అతికాయో! తమిళంలో సంతకానికీ చేతిరాతకీ ‘కైయెళుత్తు’ ఒక్కటే చాలు. మనం చేతిరాతనూ చేవ్రాలునూ విడదీసుకున్నాం. పాపం, చేవ్రాలును ‘సంతకం’ పక్కకు నెట్టేసింది.

ఒక జాగ్రత్త. ‘చే’తో మొదలైన ప్రతి మాటా చెయ్యి కాదు. చేవ, చేదు, చేటు, చేను, చేప – వీటికి చేతితో చుట్టరికం లేదు. ‘చే’ తీసేసి ‘చేతితో’ పెడితే అర్థం నిలవాలి. చేనేత అంటే చేతితో నేత, నిలిచింది. చేవకు ఆ పరీక్ష పెడితే మిగిలేది ‘వ’.

రాతలో చిన్న సంగతి. ‘చేయి’ అని దీర్ఘంతో రాస్తే ఒక్క యకారం, ‘చెయ్యి’ అని హ్రస్వంతో రాస్తే రెండు. ‘చేయ్యి’ తప్పు. వేయి–వెయ్యి కూడా ఇంతే. విభక్తి తగలగానే ‘యి’ పోయి ‘తి’ వస్తుంది: చేయి–చేతి, నూయి–నూతి, గోయి–గోతి, రాయి–రాతి, నేయి–నేతి. నేతి బీరకాయ అందరికీ తెలుసు, దానిలో నేయి ఇలాగే దాక్కుంది. ‘చేతితో’ మాటలో ‘చేత్తో’ అవుతుంది. రాతలోనూ అలా రాయొచ్చు, వెనకాడక్కర్లేదు.

సంస్కృత పర్యాయపదాలు మూడు బాగా తిరుగుతాయి: కరం, హస్తం, పాణి. ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. కరచాలనం, కరపత్రం, కరతాళధ్వనులు, కరదీపిక – ఇవి కరానివి. హస్తకళ, హస్తగతం, హస్తలాఘవం, హస్తసాముద్రికం – ఇవి హస్తానివి. పాణి ఒంటరిగా నిలవదు, ‘పాణి నొప్పిగా ఉంది’ అని ఏ తెలుగువాడూ అనడు. పెళ్ళిలో పాణిగ్రహణంగా, దేవుళ్ళ పేర్లలో చక్రపాణి, వీణాపాణి, దండపాణిగా ఉంటుంది. చక్రపాణి అంటే చక్రం చేత పట్టినవాడు. ఈ పేర్లలో వస్తువు ముందు, చెయ్యి వెనక.

కరానికి కిరణమనీ పన్ననీ కూడా అర్థాలున్నాయి. ఏనుగు తొండమనీ ఉంది, అందుకే ఏనుగు కరి అయింది. హస్తానికీ అదే అర్థం, కాబట్టి హస్తి. తమిళంలో తొండాన్ని తుంబిక్కై అంటారు, చివరి ‘కై’ చెయ్యే. పన్ను గురించి పక్కమాట: పళ్ళలో పన్నూ, కట్టే పన్నూ ఒకటే అనిపిస్తాయి గానీ బహువచనంలో విడిపోతాయి. నోట్లోవి పళ్ళు, ఖజానాకు కట్టేవి పన్నులు.

భుజం దగ్గర మాత్రం ఆగాలి. సంస్కృతంలో భుజమంటే చెయ్యి. తెలుగులో అది పైకి జరిగి మెడ పక్కన కూర్చుంది. చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడు. తెలుగు అర్థంతో చదివితే బొమ్మ ఎలా వస్తుందో ఊహించుకోండి. పురాణాల్లో ‘భుజబలం’ అంటే చేతుల సత్తువ. ఇప్పుడు ‘భుజం నొప్పి’ అంటే ఆ పై కీలే. పాత వాక్యాన్ని కొత్త తెలుగులోకి మార్చేవాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి.

భుజం నుంచి వేళ్ళ కొస దాకా మనకు అంతా చెయ్యే. ఆసుపత్రిలో ‘చెయ్యి నొప్పి’ అంటే వైద్యుడికి ఏమీ తెలియదు. పెద్దవాళ్ళను వెంటబెట్టుకెళ్ళి కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్పాల్సి వచ్చేవాళ్ళు ముందు తెలుగులోనే విడదీసి అడగండి. జబ్బా, మోచెయ్యా, ముంజెయ్యా, మణికట్టా, అరచెయ్యా, వేళ్ళా? జబ్బ అంటే భుజానికీ మోచేతికీ మధ్యది, సూది వేసే చోటు. ముంజెయ్యి మోచేతికి ముందరిది: మున్ను, చెయ్యి కలిస్తే వచ్చింది. కన్నడంలో ముంగై. అయితే ‘ముంజేతి కంకణానికి అద్దమెందుకు’ అన్నప్పుడు అది మణికట్టు దగ్గరికి దిగుతుంది, కాబట్టి వేలు పెట్టి చూపించమనడమే మేలు. రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు జబ్బను ‘రెట్ట’ అంటారు, కన్నడ ‘రట్టె’కు తోడబుట్టినది. కోస్తా వాళ్ళకు రెట్ట అంటే పక్షులు వేసేది. ‘రెట్ట లాగుతోంది’ అని అత్తగారంటే కోడలు అయోమయంలో పడటంలో కోడలి తప్పేం లేదు.

కుడి ఎడమల్లో ఎడమ మూడు భాషల్లోనూ ఒకటే: ఎడమ, ఎడ, ఇడదు. కుడికి కన్నడం ‘బల’, తమిళం ‘వలదు’, మన పాత మాట ‘వల’. తెలుగు దాన్ని వదిలి ‘కుడి’ని పట్టుకుంది. కుడిచే చెయ్యి, అంటే తినే చెయ్యి కాబట్టి కుడి అని చెబుతారు. తమిళ వాడుకలో కుడిచేతిని ‘సోత్తుక్కై’, అన్నం చెయ్యి, అనడం దీనికి దగ్గరగానే ఉంది. ఎడమచేత్తో రాసేవాళ్ళది పుర్రచెయ్యి. ఈ మాట తిట్టులా వినిపిస్తుంది గనక ‘ఎడమచేతి వాటం’ అంటే మర్యాద. ఆ ‘ఎడమ’ తీసేసి ‘వాడికి చేతివాటం ఉంది’ అన్నారో, చిల్లర దొంగ అయిపోతాడు.

ఇక కొలతలు. పొడి చిటికెడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలిచినంత. ఆకు గుప్పెడు, మూసిన చేతిలో ఇమిడినంత. గింజలు చారెడు, వేళ్ళు కొద్దిగా వంచిన అరచేతి గుంటలో పట్టినంత. దోసెడు అంటే రెండు అరచేతులూ కలిపి. గుప్పెడు మెంతులకూ చారెడు మెంతులకూ చేదులో తేడా తెలుస్తుంది. వంట రాసేవాళ్ళు వీటన్నిటికీ ఒకే మాట వాడితే పులుసు చెడుతుంది.

పొడవుకు బెత్తెడు నాలుగు వేళ్ళ వెడల్పు. మూడు బెత్తలు ఒక జాన, రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా, సుమారు 18 అంగుళాలు. ఆరు గజాల చీర పన్నెండు మూరలు. మూరనే సంస్కృతంలో ‘హస్తం’ అంటారు, పాత వాస్తు లెక్కల్లో హస్తానికి 24 అంగుళాలు. ఆ అంగుళం వేలి వెడల్పు, ఇప్పటి లెక్కలో సుమారు ముప్పావు అంగుళం. ఇప్పటి టేపు మీది అంగుళమనుకుని కొలిస్తే 18 కాస్తా 24 అవుతుంది. నాలుగు హస్తాల గుమ్మం ఆరడుగులు ఉండాల్సింది ఎనిమిదడుగులు తేలుతుంది.

మూరను మార్కెట్లో ఇంకా బతికిస్తున్నవి పూలు. గాంధీ బజారులోనైనా కె.ఆర్. మార్కెట్లోనైనా కట్టిన మల్లెపూలు ‘మొళ’ లెక్కన అమ్ముతారు, తమిళంలో ‘ముళం’. దండ కొస వేలి చివర పట్టి మోచేతి ఎముక దాకా లాగితే నిండు మూర. తగ్గేది రెండు చోట్ల. చెయ్యి పూర్తిగా చాచకుండా వేళ్ళు మడిస్తే మూడు అంగుళాలు పోతుంది. మోచేతి ఎముక దాకా రాకుండా లోపలి మడత దగ్గర ఆపితే ఇంకో రెండు. మూరలు ఎక్కువ తీసుకునేటప్పుడు ఈ తేడా పెరుగుతుంది, ఐదు మూరలకు ఒక మూర పైనే పోవచ్చు. కాబట్టి మీ చేతి మూర ఎంతో ఇంట్లో టేపుతో ఒకసారి కొలిచి ఉంచుకోండి. బుట్ట దగ్గర దండ మీ చేతికి పట్టి చూసుకుని, తగ్గితే ‘ఇన్ను స్వల్ప బిడమ్మా’ అనండి, ఇంకో బెత్తెడు వదులుతారు.